క్లచ్ పోయిందంటే పోయింది ఏది? కారు మాస్టర్ సిలిండర్ మార్చడానికి ఎంతవుతుంది?

గురుగ్రామ్ నుంచి ఎన్‌హెచ్-48 మీదుగా వచ్చే కార్లు దిల్లీ రింగ్ రోడ్డును కలిసే చోటు ధౌలా కువాన్. సాయంత్రం ఆరు దాటాక ఇక్కడ ఫ్లైఓవర్ల మీద కార్లు నడవవు, జరుగుతాయి. మొదటి గేరు, క్లచ్, బ్రేకు. మళ్లీ మొదటి గేరు.

అలా జరుగుతుండగానే ఒక్కోసారి ఎడమ కాలి కింద పెడల్ మెత్తబడుతుంది. తొక్కితే ఎప్పటిలా ఎదురు నెట్టదు. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే కాస్త బలం వస్తుంది, గేరు పడుతుంది. కొద్ది దూరం పోయాక పెడల్ నేలకు అంటుకుపోయి పైకి రాదు. వెనక నుంచి హారన్లు మొదలవుతాయి.

కారును ఎలాగో పక్కకు తోసి మెకానిక్‌కు ఫోన్ చేస్తే దిల్లీలో సాధారణంగా వినిపించే మాట ఒకటుంది: 'క్లచ్ బైఠ్ గయా'. క్లచ్ కూర్చుండిపోయింది అని. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే 'క్లచ్ పోయింది' అంటారు. రెండు మాటల్లోనూ చిక్కు ఒకటే. అవి కనీసం నాలుగు వేర్వేరు రోగాలకు వాడే ఒకే పేరు. వాటిలో ఒకదానికి రెండు మూడు వేలతో పనైపోతుంది. ఇంకోదానికి పాతిక వేలు కూడా చాలకపోవచ్చు. ఒకే కారుకు ఒకరు మూడు వేలన్నారని, మరొకరు ఇరవై ఐదు వేలన్నారని జనం తికమకపడేది ఇందుకే. ఆ ఇద్దరిలో ఎవరూ మోసగాళ్లు కాకపోవచ్చు. ఏది పోయిందో ఒకరు చూసి చెప్పారు, మరొకరు చూడకుండా చెప్పారు, అంతే.

తెలుగువాళ్లకు ధౌలా కువాన్ కొత్త చోటేమీ కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఇక్కడే ఉంది. పక్కనున్న మెట్రో స్టేషన్‌కు రాజమండ్రిలో పుట్టిన రాజ్యాంగ సభ సభ్యురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఆ కాలేజీలో పిల్లలను చేర్చడానికి వచ్చేవాళ్లు, విమానాశ్రయానికి పోయేవాళ్లు, గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లు ఈ కూడలి మీదుగానే వెళ్లాలి. కారు ఆగిపోవడానికి ఇంతకంటే అనువుకాని చోటు దిల్లీలో మరొకటి వెతకడం కష్టం.

రెండు సిరంజిలు, ఒక గొట్టం

మాస్టర్ సిలిండర్ ఏం చేస్తుందో తెలియాలంటే సూది లేని సిరంజిలు రెండు తీసుకుని, వాటిని ఒక సన్నని గొట్టంతో కలిపి, లోపల గాలి లేకుండా నీళ్లు నింపితే చాలు. ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి వస్తుంది. కారులో మొదటి సిరంజి పేరు మాస్టర్ సిలిండర్. ఇది పెడల్ వెనక, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడకు బిగించి ఉంటుంది. రెండో సిరంజి స్లేవ్ సిలిండర్. అది గేర్‌బాక్స్ దగ్గర ఉంటుంది. నీళ్ల బదులు బ్రేక్ ఫ్లూయిడ్ వాడతారు.

కాలితో పెడల్ తొక్కగానే ఒక రాడ్డు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను ముందుకు నెడుతుంది. ఆ ఒత్తిడి పైపులోని ఫ్లూయిడ్ ద్వారా స్లేవ్‌కు చేరుతుంది. స్లేవ్ ఒక బేరింగ్‌ను నెడుతుంది. ఆ బేరింగ్ ప్రెషర్ ప్లేటును వదులు చేస్తుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య పట్టు తప్పిన ఆ క్షణంలోనే మనం గేరు మారుస్తాం.

ఇంత పని చేసే ఈ సిలిండర్‌లో అరిగిపోయేది ఏమిటంటే, పిస్టన్ చుట్టూ ఉండే చిన్న రబ్బరు సీళ్లు. వాటి అంచు మొద్దుబారితే ఫ్లూయిడ్ ముందుకు పోకుండా వెనక్కి జారిపోతుంది. పెడల్ మెల్లగా దిగిపోతుంది కానీ క్లచ్ విడివడదు. సీలు పూర్తిగా చిరిగితే ఫ్లూయిడ్ బయటికే కారుతుంది. చాలాసార్లు అది కారు కింద కాదు, డ్రైవర్ పాదాల దగ్గర మ్యాటు మీదికి కారుతుంది.

రబ్బరు ఎందుకు పాడవుతుందన్న దానికి ధౌలా కువాన్ మంచి ఉదాహరణే. నాలుగు మీటర్ల కారు జామ్‌లో తన పొడవు చొప్పున మాత్రమే కదులుతోందనుకుంటే, కిలోమీటరుకు 250 సార్లు క్లచ్ తొక్కాలి. ఇది అతిశయంగా వేసిన లెక్కే. కానీ హైవే మీద యాభై కిలోమీటర్లు పోయినా అన్నిసార్లు తొక్కే అవసరం రాదన్నది మాత్రం నిజం. అందుకే ఓడోమీటర్ మీద ఒకే అంకె ఉన్నా, దిల్లీలో రోజూ ఆఫీసుకు తిరిగిన కారు సిలిండర్, కర్నూలు, హైదరాబాద్ మధ్య తిరిగిన కారు సిలిండర్ ఒక్కలా ఉండవు.

రెండో కారణం ఫ్లూయిడ్. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక అది 155 డిగ్రీలకు దిగుతుంది. తేమ వల్ల సిలిండర్ లోపలి గోడ గరుకుబారి రబ్బరును కోస్తుంది. రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చాలని చాలా కంపెనీల మాన్యువల్స్‌లో ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ తేదీ గుర్తుపెట్టుకునేవాళ్లలో కూడా దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తేనె రంగులో ఉండాల్సిన ఫ్లూయిడ్ నల్లకాఫీలా మారినా అలాగే నడిచిపోతుంటుంది, ఒకరోజు ఆగిపోయేదాకా.

అసలు ఈ సిలిండరే లేని కార్లు కూడా మన రోడ్ల మీద లక్షల్లో ఉన్నాయి. మారుతి 800, ఆల్టో లాంటి చిన్న కార్లలో పెడల్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఉండేది ఉక్కు తీగ, అంటే క్లచ్ కేబుల్. ఆ కార్ల యజమానికి ఎవరైనా 'మాస్టర్ సిలిండర్ మార్చాలి' అని చెబితే అది బ్రేక్ మాస్టర్ సిలిండరా అని అడగాలి. క్లచ్‌కైతే అలాంటి భాగమే ఉండదు.

పోయింది మాస్టరేనా?

ఖర్చంతా తిరిగేది ఈ ప్రశ్న చుట్టూనే. దీనికి జవాబు చాలావరకు కారు యజమానే, పానా పట్టకుండా తెలుసుకోవచ్చు.

మొదట తేల్చుకోవాల్సింది క్లచ్ విడివడటం లేదా, లేక పట్టడం లేదా అన్నది. ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడాలి. ఆపినప్పుడు అన్ని గేర్లూ తేలిగ్గా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రం పడకపోయినా, రివర్స్ గేరు వేస్తే కరకరమని శబ్దం వచ్చినా, క్లచ్ విడివడటం లేదని అర్థం. అప్పుడు మాస్టర్, స్లేవ్, పైపు, లోపలి ప్రెషర్ ప్లేటు, బేరింగ్ అన్నీ అనుమానితులే. దీనికి భిన్నంగా గేర్లు చక్కగా పడుతూ, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తున్నా కారు వేగం అందుకోకపోతే, పైగా కాలిన వాసన వస్తుంటే, అరిగింది క్లచ్ ప్లేటు. ఈ రెండో పరిస్థితిలో మాస్టర్ సిలిండర్ మార్చడం డబ్బు దండగ. మొదటి పరిస్థితిలో ఏమీ చూడకుండా ప్లేటు మార్చడం అంతకు పది రెట్ల దండగ.

క్లచ్ విడివడటం లేదని తేలాక చూడాల్సింది ఫ్లూయిడ్ డబ్బా. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉంటుంది. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. డ్రైవర్ సీటు ముందున్న మ్యాటు ఎత్తి, పెడల్ పైభాగంలో రాడ్డు గోడలోకి పోయే చోట వేలు పెట్టి చూడాలి. తడిగా, జిడ్డుగా ఉంటే దోషి మాస్టర్ సిలిండరే. అక్కడ పొడిగా ఉండి గేర్‌బాక్స్ దగ్గర తడి కనిపిస్తే స్లేవ్‌ను అనుమానించాలి. ఎక్కడా తడి లేదు, మట్టం కూడా తగ్గలేదు, కానీ పెడల్‌ను మెల్లగా తొక్కి పట్టుకుంటే కిందికి జారిపోతోంది అంటే, మాస్టర్ లోపలి సీలు ఫ్లూయిడ్‌ను వెనక్కి వదిలేస్తోందన్నమాట. గబగబా తొక్కితే ఒత్తిడి తిరిగి రావడం దీని ముఖ్య లక్షణం. అయితే లైనులో గాలి చేరినా ఇలాగే ఉంటుంది. అందుకే మంచి మెకానిక్ ముందు గాలి తీసి చూస్తాడు. గాలి తీశాక రెండు మూడు రోజులకే పెడల్ మళ్లీ మెత్తబడితే అప్పుడు సిలిండర్ మాట ఎత్తుతాడు.

వేలికి అంటిన ఫ్లూయిడ్‌ను బాడీకి మాత్రం తుడవకూడదు. పెయింటు లేచిపోతుంది.

ఒకే డబ్బా అనగానే బ్రేకులు కూడా పోతాయేమోనన్న భయం కలుగుతుంది. మామూలుగా క్లచ్‌కు వెళ్లే గొట్టాన్ని డబ్బాలో కాస్త ఎత్తులో పెడతారు. మట్టం పడిపోతుంటే ముందు క్లచ్‌కు అందదు, బ్రేకు వాటా అడుగున మిగిలే ఉంటుంది. ఈ ఏర్పాటు ఉంది కదా అని ఫ్లూయిడ్ పోసుకుంటూ నెలల తరబడి నడపడం తెలివి కాదు. మట్టం తగ్గడానికి కారణం బ్రేకు లైనే అయి ఉండవచ్చు కూడా.

ఫ్లైఓవర్ మీద కారు ఆగిపోయినప్పుడు చేయాల్సింది హజార్డ్ లైట్లు వేయడం, పెడల్‌ను వరుసగా తొక్కుతూ ఒక్కసారి గేరు పడేలా చూసి ఎడమ అంచుకు చేరడం. పాడైన వాహనాన్ని రాకపోకలకు అడ్డంగా ఉంచితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 201 కింద జరిమానా ఉంది. దిల్లీ ట్రాఫిక్ పోలీసుల హెల్ప్‌లైన్ 1095కు ముందే చెప్పడం మేలు. జాతీయ రహదారి మీదైతే 1033 నంబరుంది. మామూలు మోటారు బీమా ఈ రిపేరుకు పనికిరాదు. అరుగుదల, యాంత్రిక వైఫల్యం పాలసీ మినహాయింపుల్లో ఉంటాయి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే కారును లాక్కెళ్లే ఖర్చు మాత్రం మిగులుతుంది.

బిల్లు ఎలా తయారవుతుంది

మామూలు భారతీయ, జపనీస్, కొరియన్ బ్రాండ్ల కార్లకు మాస్టర్ సిలిండర్ ధర బయటి బ్రాండ్‌లో సుమారు 800 నుంచి 3,000 రూపాయల మధ్య, కారు కంపెనీ పెట్టెలో సుమారు 1,500 నుంచి 5,000 మధ్య ఉంటుంది. యూరప్ బ్రాండ్లకు ఇంకా పైకి పోతుంది. అర లీటరు డాట్ 4 ఫ్లూయిడ్ రెండు మూడు వందలు. కూలీ బయటి షెడ్డులో ఐదు వందల నుంచి వెయ్యి, అధీకృత వర్క్‌షాపులో వెయ్యి నుంచి రెండున్నర వేలు. మోడల్‌ను బట్టి, ఊరిని బట్టి ఇవి మారతాయి. మొత్తం మీద సుమారు పదిహేను వందల నుంచి ఎనిమిది వేల మధ్య పూర్తి కావాల్సిన పని ఇది.

కూలీ ఎందుకు తక్కువంటే, గేర్‌బాక్స్ విప్పనక్కర్లేదు కాబట్టి. డాష్‌బోర్డు కింద దూరి పెడల్ పిన్ను తీయాలి, రెండు నట్లు విప్పాలి, పైపు ఊడదీయాలి, కొత్తది బిగించి గాలి తీయాలి. అనువైన కార్లలో గంటన్నర, రెండు గంటల పని. డాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకోవాల్సి రావడమే అసలు కష్టం. అమెరికాలో ఇదే పనికి భాగం ధర కంటే కూలీయే ఎక్కువ పడుతుంది. పైగా అక్కడి కొత్త కార్లలో మాన్యువల్ గేర్లు నామమాత్రం కాబట్టి ఈ పని చేతికి అలవాటున్న మెకానిక్కులు కూడా తగ్గిపోతున్నారు. మన దగ్గర భాగమే ఖరీదు, చెయ్యి చవక.

స్లేవ్ సిలిండర్ దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. అది గేర్‌బాక్స్ బయట బిగించి ఉంటే మాస్టర్ కన్నా తేలిక పని. కానీ ఎన్నో కొత్త డిజైన్లలో దాన్ని గుండ్రంగా చేసి, బేరింగ్‌తో కలిపి గేర్‌బాక్స్ గూడు లోపలే పెడుతున్నారు. మెకానిక్కులు దీన్ని సీఎస్‌సీ అంటారు. ఆ రబ్బరు సీలు చిరిగితే మొత్తం గేర్‌బాక్స్ కిందికి దించాలి. కూలీ ఒక్కటే మూడు వేల నుంచి ఏడు వేల దాకా పోతుంది. భాగం ధర వేరే.

'మాస్టర్‌తో పాటు స్లేవ్ కూడా మార్చేద్దాం' అని మెకానిక్ అన్నప్పుడు అనుమానించాలా? స్లేవ్ బయట ఉంటే ఆ సలహా సబబే. రెండింటి వయసూ ఒకటే, ఒకే పాత ఫ్లూయిడ్‌లో నానాయి. కొత్త మాస్టర్ ఇచ్చే పూర్తి ఒత్తిడికి పాత స్లేవ్ సీలు కొద్ది నెలల్లో లొంగిపోవడం ఉన్నదే. స్లేవ్ లోపల ఉంటే మాత్రం, అది కారుతోందన్న ఆధారం లేకుండా గేర్‌బాక్స్ దించడానికి ఒప్పుకోనక్కర్లేదు. దీనికి తిరగేసిన మాట కూడా నిజమే. క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్‌బాక్స్ ఎలాగూ దించినప్పుడు సీఎస్‌సీ ఖర్చుకు వెనకాడితే, మళ్లీ అదే కూలీ రెండోసారి కట్టాల్సి రావచ్చు.

పాత ఇనుప సిలిండర్లకు రబ్బరు కిట్ విడిగా దొరికేది. కొన్ని వందల్లో పని తేలేది. ఆ పద్ధతి ఇప్పటికీ కొన్ని జీపులకు, లారీలకు నడుస్తోంది. సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉంటేనే కిట్ నిలబడుతుంది. గరుకుబారిన గోడలో కొత్త రబ్బరు వేస్తే దాని ఆయుష్షు నెలల్లోనే. ఇప్పటి చాలా కార్లలో సిలిండర్ ప్లాస్టిక్‌దే. దాన్ని విప్పి బాగుచేయడం ఉండదు, మార్చడమే.

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 దాకా క్లచ్ భాగాలు సహా చాలా కారు విడిభాగాల మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. ఆ రోజు నుంచి విడిభాగాలన్నింటికీ 18 శాతమే. పాత పన్ను ప్రకారం ఎంఆర్‌పీ 2,400 రూపాయలు అచ్చైన సిలిండర్ అసలు ధర 1,875. దాని మీద 18 శాతం వేస్తే 2,212 రూపాయల 50 పైసలు. పాత పెట్టె చేతికొస్తే దాని మీద కొత్త ధర స్టిక్కర్ ఉందో లేదో చూసుకోవడం వల్ల మిగిలేది ఓ 187 రూపాయలు. పెద్ద మొత్తం కాకపోయినా మనదే కదా.

దీనికంటే ఎక్కువ పోయేది మరోచోట. ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. దాని మీద మళ్లీ జీఎస్టీ వేయకూడదు. కంప్యూటర్ బిల్లులో భాగం ధరను పన్ను లేకుండా ఒక గడిలో, పన్నును ఇంకో గడిలో చూపించడం తప్పు కాదు. కానీ రెండూ కలిపితే ఎంఆర్‌పీని దాటకూడదు. 2,400 ఎంఆర్‌పీ ఉన్న భాగానికి ఆ 2,400నే మొదటి గడిలో వేసి, పైన 432 పన్ను కలిపితే అది అక్రమం. కూలీకి ఎంఆర్‌పీ ఉండదు కాబట్టి దాని మీద 18 శాతం మామూలే, షెడ్డుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే. అంటే 2,400 ఎంఆర్‌పీ భాగం, 250 రూపాయల ఫ్లూయిడ్, 1,200 కూలీ, దాని మీద 216 పన్ను కలిపి సరైన బిల్లు 4,066 రూపాయలు. ఇది వచ్చేసరికి నాలుగున్నర వేలైందంటే ఎక్కడ పెరిగిందో గడి గడికీ చూడాలి. బిల్లు ఇవ్వననడం వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం అనుచిత వ్యాపార విధానం. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు వివాదానికి వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

కశ్మీరీ గేట్, మాయాపురి, ఒక పాత కేసు

ధౌలా కువాన్‌లో కారు ఆగినవాళ్లకు భాగం తెచ్చుకునే దారులు రెండు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఎక్కి న్యూదిల్లీలో దిగి, ఎల్లో లైన్ పట్టుకుంటే కశ్మీరీ గేట్. దేశంలోని పెద్ద ఆటో విడిభాగాల మార్కెట్లలో అదొకటి. ఒక్కో దుకాణం ఒక్కో కంపెనీ కార్లకే పరిమితం. రెండో దారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్ నుంచి పింక్ లైన్. మూడో స్టేషన్ మాయాపురి. తుక్కు కార్ల నుంచి ఊడదీసిన భాగాలకు పేరుమోసిన చోటు. అద్దం, డోరు, బంపర్ అక్కడ కొనుక్కోవచ్చు. మాస్టర్ సిలిండర్ మాత్రం కాదు. అరిగేదే రబ్బరు అయినప్పుడు, ఎవరి కారులోనో అరిగిన రబ్బరును డబ్బిచ్చి కొనడంలో అర్థం లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పాత్ర విజయవాడ జవహర్ ఆటోనగర్‌ది, సికింద్రాబాద్ రాణిగంజ్‌ది. మార్కెట్ ఏదైనా పద్ధతి ఒక్కటే. పాత సిలిండర్‌ను చేత్తో పట్టుకుని వెళ్లడం, లేదా దాని మీది పార్ట్ నంబరు ఫొటో తీసుకోవడం. ఒకే మోడల్ కారులో కూడా పెట్రోల్‌కు ఒకటి, డీజిల్‌కు మరొకటి ఉండొచ్చు. నకిలీల బెడద ఉన్న మార్కెట్లు కాబట్టి బిల్లు లేకుండా సగం ధరకు వస్తోందంటే తీసుకోకపోవడమే మంచిది. టీవీఎస్ గిర్లింగ్ లాంటి బ్రాండ్లు కారు కంపెనీలకు కూడా భాగాలు సరఫరా చేసే సంస్థలవే. కారు కంపెనీ పెట్టెలో రానంత మాత్రాన అది నాసిరకం కాదు.

ఆ మాట చెప్పగలగడానికి వెనక పెద్ద న్యాయపోరాటం ఉంది. విడిభాగాలను బయటి మార్కెట్‌లో అమ్మకుండా, బయటి మెకానిక్కులకు రిపేరు సమాచారం ఇవ్వకుండా కార్ల కంపెనీలు గుత్తాధిపత్యం చేస్తున్నాయని శంషేర్ కటారియా అనే వ్యక్తి 2011లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేశారు. మూడు కంపెనీలతో మొదలైన విచారణ మొత్తం పరిశ్రమకు పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. భాగాలను, మాన్యువల్స్‌ను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి గ్యారేజీలకు కూడా అందుబాటులో పెట్టాలని ఆదేశించింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయడాన్నీ తప్పుపట్టింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, జరిమానాల లెక్కల మీద వాదనలు ఏళ్ల తరబడి సాగాయి. 2022 డిసెంబరు 24న కేంద్రం ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కార్ల రంగాన్ని కూడా చేర్చారు.

కారు కంపెనీయే దేశం వదిలి వెళ్తే ఏమవుతుందన్నది ఫోర్డ్ యజమానులకు తెలిసొచ్చింది. 2021 సెప్టెంబరులో ఆ కంపెనీ భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని చెప్పింది. అలాంటి కార్లకు బయటి బ్రాండ్ భాగాలు దొరకడమే అసలు భరోసా.

తొమ్మిదేళ్ల డీజిల్ కారుకు ఎంత పెట్టాలి?

ఇదే రిపేరుకు హైదరాబాద్‌లో లేని ఒక లెక్క దిల్లీలో ఉంది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జులై 1న అలాంటి వాహనాలకు పెట్రోల్ పోయడం ఆపేశారు. గగ్గోలు పుట్టడంతో కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయసు ఒక్కటే కారణంగా చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. రాజధాని ప్రాంతంలో బీఎస్-4 అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్‌లో. కాబట్టి తొమ్మిదేళ్ల డీజిల్ కారుకు ప్రస్తుతానికి గండం లేదు. రేపటి సంగతికి మాత్రం ఎవరూ పూచీ ఇవ్వలేరు.

ఈ పరిస్థితిలో నాలుగు వేల మాస్టర్ సిలిండర్‌కు ఆలోచించనక్కర్లేదు. ఏడాదిలో అమ్మేసే కారైనా మార్చాల్సిందే, ఎందుకంటే పెడల్ పైకి రాని కారును కొనడానికి వచ్చినవాడు అంతకు ఐదు రెట్లు తగ్గించి అడుగుతాడు. గేర్‌బాక్స్ దించి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్, సీఎస్‌సీ అన్నీ మార్చే పాతిక వేల పని అయితే కారు అమ్మకం ధరతో పోల్చి చూడాలి. దిల్లీ కార్లు నిరభ్యంతర పత్రంతో దక్షిణాదికి తరలిరావడం కొత్త కాదు. హైదరాబాద్ పాత కార్ల మార్కెట్‌లో 'దిల్లీ బండి' అనేది ఒక ప్రత్యేకమైన తరగతి. ధర తక్కువ, లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. అలాంటి బండి కొనేవాళ్లు పెయింటు, టైర్లు చూసినంత శ్రద్ధగా క్లచ్ ఫ్లూయిడ్ రంగు చూడరు. చూస్తే ఆ కారు ఏ జామ్‌లలో ఎన్నేళ్లు నిలబడిందో కొంత అర్థమవుతుంది.

మాస్టర్ సిలిండర్ మార్చాక పాత సిలిండర్‌ను అడిగి తీసుకోవాలి, అది యజమానిదే. డబ్బాలో ఏ ఫ్లూయిడ్ పోశారో చూడాలి. స్టీరింగ్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ కొద్దిగా కలిసినా కొత్త రబ్బరు ఉబ్బి నెలలోపే పాడవుతుంది. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. ఇంజిన్ నడుస్తుండగా రివర్స్ గేరు వేసి చూడాలి, కరకర వినిపించకూడదు. రెండు మూడు రోజుల తర్వాత పొద్దున్నే మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ మెత్తగా అనిపిస్తే లైనులో గాలి మిగిలిందని అర్థం. కారును అదే షెడ్డుకు తీసుకెళ్లి మళ్లీ గాలి తీయమనాలి. దానికి రెండోసారి కూలీ అడిగితే ఇవ్వనక్కర్లేదు.